తీసేత ప్లేటు

మార్కాపురంలో పలకల షావుకార్లు యాభైమంది ఉంటే, నలభై తొమ్మిదిమందికి పలకంటే పలకే. చంద్రశేఖరరావుకు మాత్రం నల్లగా, పల్చగా ఉన్నది ఏది కనపడినా, ఇది పలకా లేక ప్లేటా అని ముందు ఒక అనుమానం పుట్టేది. ప్లేటంటే గ్రామఫోను ప్లేటు. అలాగని ఏ ప్లేటు పడితే ఆ ప్లేటు కాదు. పద్యాల ప్లేట్లూ, హరికథల ప్లేట్లూ ఊరికే తెచ్చి ఇచ్చినా వద్దనేవాడు. అతనికి కావలసినవి ఒకే ఒక్క మనిషి ఊదిన ప్లేట్లు. ఆ మనిషి ఊదేది సాక్సఫోను. ఊళ్ళోవాళ్ళు దాన్ని వంకర సన్నాయి అనేవాళ్ళు. అతని భార్య అనంతలక్ష్మి "ఆ ఏడుపు" అనేది.

ఈ పిచ్చి ఎక్కడ అంటుకుందంటే, దొనకొండలో. యుద్ధం రోజుల్లో అక్కడ విమానాల మైదానం కట్టారు. గదుల్లో పరిచే బండలు మార్కాపురం నుంచి చంద్రశేఖరరావు తోలాడు. ఒక శనివారం సాయంత్రం కొలతల కాగితం మీద దొరగారి సంతకం కోసం వెతుక్కుంటూ వెళ్తే, దొర రైల్వే ఇన్‌స్టిట్యూటులో, అంటే వాళ్ళ క్లబ్బులో, ఉన్నాడన్నారు. లోపల దొరలూ దొరసానులూ జంటలుగా తిరుగుతున్నారు. మూలన బ్యాండు వాయిస్తోంది. ఆ వాయించేదాన్ని జాజ్ అంటారట. ఒక స్వరం పట్టుకుని బయల్దేరి, ఇంక ఈ మనిషి ఇల్లు చేరడు అనిపించేటంత దూరం పోయి, ఆఖరికి ఏమీ ఎరగనట్టు వచ్చి గుమ్మంలో నిలబడే సంగీతం. అందులో ఒక సన్నటి నల్లటి మనిషి లేచి నిలబడి సాక్సఫోను ఊదాడు. గుమ్మం దగ్గర నిలబడ్డ చంద్రశేఖరరావుకు గుండెలో ఎక్కడో సన్నగా గీరినట్టయింది. సంతకం సంగతి మర్చిపోయి ఇంటికొచ్చాడు.

ఆ మనిషి ఎవరని గేటు దగ్గర అడిగితే చెప్పారు. "ప్రకాశరావని, ఇంజన్లో బొగ్గేస్తాడు. కంభం దగ్గరోడే. పెండ్లిగాక ముందు కలకత్తాలో పెద్ద హోటల్ బ్యాండులో ఊదినాడంట. ప్లేట్లు గూడా చేసినాడంట."

మర్నాడు మళ్ళీ వెళ్తే ప్రకాశరావుకు హుబ్లీ వైపు బదిలీ అయిందన్నారు. మనిషి దొరకలేదు, పోనీ ప్లేట్లయినా దొరక్కపోతాయా అనుకున్నాడు. అనుకుని పధ్నాలుగేళ్ళు పోగొట్టుకున్నాడు.

ఆ ప్లేట్ల మీద వాయించినవాళ్ళ పేర్లు ఉండవు. ఫలానా హోటల్ వారి డ్యాన్సు బ్యాండు అని మాత్రమే ఉంటుంది. ఆ బ్యాండు సాక్సఫోనుతో చేసిన ప్లేట్లు మొత్తం పదకొండు అని ఒక పాత జాబితాలో చూశాడు. మార్కాపురం పలక పోని ఊరు లేదు కదా. పలకల కోసం ఉత్తరాలు రాసే ప్రతి దుకాణానికీ, జాబు కింద నాలుగు వరుసలు ఇవి కూడా చేర్చేవాడు: "తమ ఊళ్ళో కలకత్తా హోటల్ వారి ప్లేట్లు ఎక్కడైనా కనపడితే దయచేసి పంపించగలరు." బళ్ళారి షావుకారు ఒకాయన చాలా మర్యాదస్తుడు. గడ్డిలో భద్రంగా చుట్టి పన్నెండు పింగాణీ ప్లేట్లు పంపించాడు. చంద్రశేఖరరావు వాటిని గడ్డితో సహా మూలకు నెట్టాడు. అనంతలక్ష్మి మాత్రం ఆ పన్నెండింటినీ కడిగి అలమరలో పెట్టుకుని, "పోనీలెండి, ఇన్నేళ్ళకు మీ సంగీతం వల్ల ఇంటికొక వస్తువు వచ్చింది" అంది. ఉప్మా ఇప్పటికీ వాటిలోనే పెడుతుంది.

అలా అలా పది ప్లేట్లు చేరాయి. ఒకటి వాల్తేరులో, రెండు మద్రాసు మూర్ మార్కెట్లో, ఒకటి గుంతకల్లులో చచ్చిపోయిన గార్డు సామాన్లలో, ఇలా. ప్రతిదానికీ పుస్తకంలో ఒక వరుస. నంబరు, సంవత్సరం, ఎక్కడ దొరికింది, ఎవరి దగ్గర ఉంది. ఆఖరి గడి మీద "ఊదినవారి సంతకం" అని రాసి ఖాళీగా ఉంచాడు. అదీ అతని కోరిక. పదకొండూ పట్టుకుని వెళ్ళి ప్రకాశరావు ముందు పెట్టాలి, ఆయన విని "ఇది నేనే" అని ప్రతి వరుసకూ సంతకం చెయ్యాలి. పేరు లేకుండా పోయిన మనిషికి పేరు తెచ్చి పెట్టాలి. ఇంతకంటే పెద్ద కోరిక అతనికి జన్మలో లేదు. ఉంటే పిల్లల చదువుల మీద కాస్త చూపు పెట్టేవాడని అనంతలక్ష్మి అనేది.

రాష్ట్రం వచ్చిన మరుసటి ఏడు ప్రకాశరావు చూపు మందగించి, పనిలోంచి దిగి, దొనకొండలోనే ఇల్లు తీసుకున్నాడని కబురొచ్చింది. దొనకొండ ఎంత దూరం? రెండు స్టేషన్లు. చంద్రశేఖరరావు కదల్లేదు.

"పది పట్టుకుని ఏ మొహంతో పోయేది? మొట్టమొదట చేసిందే లేకపాయె" అన్నాడు.

మొట్టమొదటిది ముప్ఫై ఆరులో చేసింది. అది ఎక్కడా లేదు. ఉన్నచోట పగిలిపోయింది, పగలనిచోట పారేశారు. చివరికి ఖరగ్‌పూర్‌లో పుస్తకాల దుకాణం పెట్టుకున్న నిత్యానందం అనే ఆయన, మనవాడే, ఎవరో ఇల్లు ఖాళీ చేస్తుంటే చూసి, పలకల ఖాళీ పెట్టెలో వరిగడ్డి కూరి పంపించాడు.

పెట్టె వచ్చిన రోజు చంద్రశేఖరరావు స్నానం చేసి, ఉతికిన పంచె కట్టుకుని, పలకల కొట్టు ముందు గదిలో గ్రామఫోను తెరిచాడు. కొట్టులో అంకాలమ్మ పలకలు ఏరుతోంది.

అంకాలమ్మ సంగతి కొంచెం చెప్పాలి. అర్ధవీడు వైపు నుంచి పనికి వచ్చి, చంద్రశేఖరరావు నాయన హయాం నుంచీ ఆ కొట్టులోనే ఉంది. చంద్రశేఖరరావు నిక్కర్లు వేసుకుని తిరిగినప్పుడు చూసింది గనక అతన్ని "అబ్బయ్యా" అనేది, అతను ఆమెను "అక్కా" అనేవాడు. చట్రం బిగించే ముందు ప్రతి పలకనూ ఎడమచేతి వేళ్ళ మీద నిలబెట్టి, కుడిచేతి కణుపుతో టక్కున కొట్టి వింటుంది. మంచి పలక ఖంగుమంటుంది. లోపల కంటికి ఆనని సన్నటి పగులు ఉంటే ఆ మోతలో చిన్న బొంగురు పలుకుతుంది. దాన్ని జీర అనేవాళ్ళు. జీర ఉన్నది తీసేత. రోజుకు వెయ్యి పలకలు కొట్టి చూస్తే తొమ్మిదో పదో తీసేత పడతాయి. తీసేతలు ఏరినవాళ్ళవే. ఇంటికి పట్టుకుపోయి గోడకు ఆనించుకుంటారో, కుండ మీద మూత వేసుకుంటారో వాళ్ళిష్టం. అది వాళ్ళ నాయన పెట్టిన పద్ధతి. పెట్టెలో ఒక్క తీసేత పడితే పెట్టె మొత్తం వెనక్కొస్తుందని ఆయనకు భయం. ఆ భయాన్ని కొడుక్కి అన్నంలో కలిపి పెట్టాడు.

పదకొండో ప్లేటు తిరిగింది. రెండు నిమిషాలకు సాక్సఫోను లేచింది. చంద్రశేఖరరావుకు గుండెలో ఏదో గీరినట్టయింది. ముల్లు అరిగిందేమోనని మార్చాడు. మళ్ళీ గీరింది. ఇంకో కొత్త ముల్లు పెట్టాడు.

"ముల్లు కాదు గాని అబ్బయ్యా," అంది అంకాలమ్మ పలక మీంచి చూపు ఎత్తకుండానే, "అది ఆ కట్టలోది కాదు."

"ఏది?"

"ఇప్పుడు పెట్టినావే, అది. ఆ పదీ ఒకాయన ఊదినాడు. దీంట్లో ఊదేది వేరే మనిషి. దీంట్లో జీర ఉండాది."

"ఏంది నువ్వనేది! అదే బ్యాండు, అదే హోటలు, అదే కంపెనీ!"

"ఒకటే గనిలో తీసిన పలకలు అన్నీ ఒకటేనా?" అని ఇంకో పలక టక్కుమనిపించింది.

చంద్రశేఖరరావు ఊరుకునే మనిషైతే ఈ కథే లేదు. ఆమెను గోడవైపు తిరిగి కూర్చోమన్నాడు. పదకొండు ప్లేట్లూ కలగలిపి ఒక్కొక్కటీ పెట్టాడు. పదకొండో ప్లేటు మూడోదిగా వచ్చింది. "ఇదే" అంది. మళ్ళీ కలిపాడు. ఎనిమిదోదిగా వచ్చింది. "ఇదే" అంది. మళ్ళీ కలిపి, దొంగతనంగా ఒకే వరసలో ఆ ప్లేటును రెండుసార్లు పెట్టాడు. రెండుసార్లూ "ఇదే" అంది. మూడు రోజులు ఇదే వరస. ఆమె పని మాత్రం ఆగలేదు, ఆ మూడు రోజుల్లో మూడు వేల పలకలు ఏరి పెట్టింది.

నాలుగో రోజుకు చంద్రశేఖరరావు కూడా మెత్తబడ్డాడు. పదీ ఒకరివి, ఇది ఇంకొకరిది అని తనకూ అనిపించడం మొదలైంది. పదిమంది ఒక మాట చెప్పి ఒక్కడు ఇంకో మాట చెబితే ఆ ఒక్కణ్ణే కదా అనుమానించాలి. ఈ వేరే మనిషి ప్లేటు పట్టుకుపోయి ప్రకాశరావు ముందు పెడితే ఆయన ఏమనుకుంటాడు? మిగతా పదిని కూడా శంకిస్తాడు. పెట్టె మొత్తం వెనక్కొస్తుంది. పధ్నాలుగేళ్ళు వెతికిన వస్తువు చేతిలో ఉండగానే చేదైపోయింది. కోపం అంకాలమ్మ మీదికి మళ్ళింది.

"నువ్వు తీసేసినావు గదా, పద్ధతి ప్రకారం నువ్వే పట్టుకపో" అన్నాడు.

ఆమె కాదనలేదు. తీసేతలతో పాటు దాన్నీ కొంగులో చుట్టుకుని ఇంటికి తీసుకుపోయింది. అతను పుస్తకంలో పదకొండో వరుసను ఎర్ర సిరాతో కొట్టేశాడు.

ఆ వారంలోనే దొనకొండ ప్రయాణం కట్టాడు. గ్రామఫోను తన ఒళ్ళో. పది ప్లేట్లు పలకల పెట్టెలో నిలువుగా పెట్టి, గడ్డి కూరి, అంకాలమ్మ ఒళ్ళో. పలకల పెట్టె ఒక్క దెబ్బ తగలకుండా దించగలిగిన చెయ్యి ఊళ్ళో ఆమెదే, కోపం కోపమే, పని పనే. జట్కాలో మార్కాపురం రోడ్డు స్టేషనుకు వెళ్ళి పాసింజరు ఎక్కారు. దారి పొడుగునా అతను పెదవులు కదుపుతూ కూర్చున్నాడు. ప్రకాశరావుతో మొదట ఏ మాట అనాలో వల్లె వేసుకుంటున్నాడు.

రైల్వే కాలనీ చివర పెంకుటిల్లు. ప్రకాశరావు భార్య మగ్దలీనమ్మ వాకిట్లో మిరపకాయలు ఆరబోస్తోంది. దిట్టమైన మనిషి, మాట కూడా దిట్టమే.

"ప్రకాశరావు గారు ఉన్నారా అమ్మా?"

"ఉండాడు. పెరట్లో ప్లేట్లు కడగతన్నాడు. కూర్చోండన్నా."

చంద్రశేఖరరావుకు తను వినవలసినట్టు విన్నాడో లేదో అర్థం కాలేదు. ఆమే విడమరిచి చెప్పింది.

"అలవాటే లేన్నా ఆయనకు. పెండ్లికి ముందు కలకత్తాలో పెద్ద హోటల్లో ప్లేట్లు చేసినాడంట. పెండ్లి చూపులప్పుడు ఆయనే మా నాయనకు చెప్పినాడు. మా నాయన మంచిది, కష్టం తెలిసిన పిల్లోడు అన్నాడు. ఇరవై ఏండ్లయింది, మా ఇంట్లో నేను ప్లేటు ముట్టుకోలా. ఎంత శుభ్రంగా కడగతాడో ఒకసారి చూడండి."

పెరటి గుమ్మంలోంచి ప్రకాశరావు వచ్చాడు. చేతులు తడిగా ఉన్నాయి. జుట్టు నెరిసింది, కళ్ళద్దాలు మందంగా ఉన్నాయి. చంద్రశేఖరరావు వల్లె వేసుకున్న మాటలన్నీ మర్చిపోయి, "అయ్యా, మీరు కలకత్తాలో చేసిన ప్లేట్లు..." అని ఆగాడు.

"కడిగినవి" అని సవరించింది మగ్దలీనమ్మ.

"రెండుమూడు సార్లు చెప్పి చూసినానండీ" అన్నాడు ప్రకాశరావు నెమ్మదిగా, తప్పు ఒప్పుకుంటున్నవాడిలాగా. "పాట ప్లేటే అంటే, యాడుంది చూపించు అంటది. నా కాడ లేకపాయె. పోనీ కడిగితే ఏం పోయిందని కడగతన్నా."

"ఊదతాడన్నా, ఊదడని నేనన్లా" అంది ఆమె. "సన్నాయి మా పల్లెలో గూడా ఊదతారు. ప్లేటు మీదికి ఎక్కడం మాటలా!"

చంద్రశేఖరరావు ఛాతీ ఉప్పొంగింది. దేవుడు తనను సరిగ్గా ఇందుకే పుట్టించి ఉంటాడనుకున్నాడు. గ్రామఫోను మంచం మీద పెట్టి, కీ తిప్పి, మొదటి ప్లేటు వేశాడు. మగ్దలీనమ్మ చేతులు కట్టుకుని నిలబడింది. ప్రకాశరావు తల వంచి విన్నాడు. పాట అయిపోయింది.

"బాగా ఊదినాడు" అన్నాడు ప్రకాశరావు. "ఎవరండీ ఈయన?"

రెండో ప్లేటు వేశాడు. మూడోది వేశాడు. నాలుగోది వేశాడు. పదీ అయ్యాయి. మధ్యలో మగ్దలీనమ్మ పోయి మిరపకాయలు తిరగేసి వచ్చింది.

"ఇవి నేను కాదండీ" అన్నాడు ప్రకాశరావు. "నేను చేసింది ఒక్కటే. మొట్టమొదటిది. అది చేసిన మర్నాడే నన్ను తీసేసినారు. అందరిదీ ఒక తీరుగా ఉంటే నీదొక్కటి బొంగురుగా లేస్తాంది, కలవదు అన్నాడు బ్యాండు మాస్టరు. నా చోట్లో ఇంకెవర్నో పెట్టుకున్నారని విన్నా. ఈయనే అయ్యుంటాడు."

మగ్దలీనమ్మ నేనన్లేదా అన్నట్టు తల ఊపింది. లోపలికి వెళ్ళి టీ కాచి, నాలుగు ప్లేట్లలో బూందీ పెట్టి తెచ్చింది. ఆ ప్లేట్లు తళతళలాడుతున్నాయి.

పధ్నాలుగేళ్ళు. తీసేసిన మనిషి కోసం వెతుకుతున్నాననుకుంటూ, ఆయన్ను తీసేసి పెట్టుకున్నవాణ్ణి పోగుచేశాడు. చంద్రశేఖరరావు బూందీ ప్లేటు పక్కన పెట్టేశాడు. ఆ మొట్టమొదటిది ఎక్కడుందని ఆయన అడగలేదు, ఇతను చెప్పలేదు. చెప్పడానికి నోరు రావాలి కదా.

మాట మార్చి "ఇప్పుడూ ఊదుతారా?" అన్నాడు.

ప్రకాశరావు మంచం కింద నుంచి ఒక మూట తీశాడు. పాత రైలు జెండాలు రెండు, ఎర్రదీ పచ్చదీ కలిపి చుట్టిన మూట. విప్పి, సాక్సఫోను తుడిచి, నిలబడి ఊదాడు. ఊపిరి తగ్గింది, వేళ్ళు మొద్దుబారాయి. అయినా ఆ స్వరం అంతదూరం పోయి, మలుపు తిరిగే చోట ఎక్కడో సన్నగా చీలి, గొంతు పూడుకుపోయిన మనిషి మాటలాగా ఇంటికి తిరిగొచ్చింది.

గోడ వారన బూందీ తింటున్న అంకాలమ్మ ప్లేటు కింద పెట్టింది.

"ఇదే జీర" అంది. "అబ్బయ్యా, ఆ తీసేత ప్లేటు ఈయనదే."

చంద్రశేఖరరావు లేచి నిలబడ్డాడు. "యాడుంది అక్కా అది?"

"మా ఇంట్లో. మజ్జిగ కుండ మీద."

తిరుగు ప్రయాణంలో రైలు గజ్జెలకొండ స్టేషను దాటింది. తర్వాత అంకాలమ్మే అంది, మజ్జిగ కుండ మీద పెట్టి వచ్చిన మాట నిజమే గాని, కోడలు శ్రీశైలమ్మ దాన్ని పొయ్యి మీది సంగటి కుండకు మార్చిందో లేదో తాను చెప్పలేనంది. వేడి తగిలితే ఆ ప్లేటు లక్కలాగా కరుగుతుందని చంద్రశేఖరరావుకు తెలుసు. ఆమెకు చెప్పలేదు. స్టేషన్లో దిగి జట్కావాణ్ణి తోలు తోలు అని ప్రాణం తీశాడు.

అంకాలమ్మ ఇంట్లో శ్రీశైలమ్మ పొయ్యి దగ్గరే ఉంది. సంగటి ఉడుకుతోంది. కుండ మీద మూత ఉంది. చంద్రశేఖరరావు గుమ్మంలోంచే "తియ్, తియ్ ఆ మూత" అని అరిచాడు.

"అది పలక మూతయ్యా" అంది అంకాలమ్మ, లోపలికి చూసి. ఉట్టి మీది మజ్జిగ కుండ దించి, దాని మూత తీసి కొంగుతో తుడిచింది. శ్రీశైలమ్మ అందుకుంది: "మొన్న దీన్నే సంగటి కుండ మీద పెట్టినా. ఆవిరి తగిలి ఒక పక్క వంగింది. ఇదేంది, పలక వంగడమేందని మళ్ళీ మజ్జిగ కుండకే మార్చినా. చిల్లులో చింతగింజ పెట్టినా. మధ్యలో కాయితం తడిసి ఊడిపాయె."

ప్లేటు ఒక అంచున చెవిలాగా లేచి ఉంది. పుల్లటి వాసన కొడుతోంది. పగుల్లేదు. చంద్రశేఖరరావు దాన్ని రెండు చేతులతో పట్టుకుని, గుమ్మంలోనే, వీధిలో అందరూ చూస్తుండగా ఏడ్చాడు. ప్లేటు పాడైందనో, బాగుందనో అతనికే తెలియదు. ఈ ప్లేటు మొదటిసారి విన్నప్పుడు గుండెలో గీరింది నిజం. ఆ గీరింది ఏమిటో పధ్నాలుగేళ్ళ కింద దొనకొండ గుమ్మంలో తనకు తెలుసు. తెలిసి తెలిసి ముల్లు మార్చుకున్నాడు. అంకాలమ్మ తప్పేముంది, జీర ఉందని చెప్పడం ఆమె పని. ఆ జీర కోసమే వెతుకుతున్నానని గుర్తుంచుకోవడం తన పని.

"అక్కా, నిన్ను తిట్టుకున్నా" అన్నాడు.

"తిట్టుకోలే. ఏడిస్తే ఏడిచినావు గాని, నాకింకో మూత చూడు" అంది అంకాలమ్మ.

రెండు నున్నటి పలకల మధ్య దాన్ని పెట్టి, పైన ఇరవై పలకలు బరువు పెట్టి, ఎండ తగిలీ తగలని చోట నాలుగు రోజులు ఉంచాడు. చాలావరకు చదునైంది. ఇంట్లో మాత్రం వేసి వినలేదు. ముందు ఆయన వినాలనుకున్నాడు. అనంతలక్ష్మి ఆశ్చర్యపోయి, ఒంట్లో బాగుందా అని అడిగింది.

ఆదివారం చర్చి అయిపోయాక ముగ్గురు దొనకొండలో ప్రకాశరావు మంచం చుట్టూ కూర్చున్నారు. మగ్దలీనమ్మ మాత్రం కూర్చోలేదు. మొన్న పదీ చూసింది, ఇవాళ పదకొండోది చూడబోతోంది.

ప్లేటు తిరిగింది. వంగిన చోట ముల్లు ఎత్తుకు ఎక్కి, పల్లానికి దిగి, మళ్ళీ ఎక్కింది. బ్యాండు మొత్తం పడవలో కూర్చుని వాయిస్తున్నట్టు ఊగింది. మజ్జిగ మరక దగ్గర టిక్కుమని ఒక చప్పుడు. అంత గందరగోళంలోంచీ సాక్సఫోను లేచింది. ఇరవై రెండేళ్ళ పిల్లవాడు, పల్లె వదిలి కలకత్తా పోయినవాడు, రేపు తనను తీసేస్తారని తెలియనివాడు, ఊపిరితిత్తుల నిండా గాలి నింపుకుని ఊదుతున్నాడు. ఎంత దూరం పోయాడో! మలుపు దగ్గర స్వరం సన్నగా చీలింది. చంద్రశేఖరరావు గుండెలో గీరింది. ఈసారి ముల్లు జోలికి పోలేదు.

ప్రకాశరావు కళ్ళద్దాలు తీసేశాడు. పాట అయిపోయాక, "అక్కడ నేను అట్ల ఊగలా. అది ప్లేటు వంకర" అన్నాడు. తర్వాత ఇంకేదో అనబోయాడు, గొంతు జీరపోయింది.

మగ్దలీనమ్మ మొగుడి వైపు చూసింది, తిరగడం ఆగని ప్లేటు వైపు చూసింది. ఆ జీర ఆమెకు కొత్తదా? ఇరవై ఏళ్ళుగా అదే గొంతుతో ఆయన "ఇంకేమన్నా కడగాల్నా" అని అడుగుతుంటే వింటోంది.

"నువ్వేనా?" అంది.

"నేనే."

ఆమె మంచం అంచున కూర్చుంది. "ఇరవై ఏండ్లు నీ చేత ప్లేట్లు కడిగించుకున్నా గదయ్యా" అంది. ఆ దిట్టమైన మనిషి కొంగు మొహానికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది.

"కడగడం గూడా బాగానే వచ్చింది లే" అన్నాడు ప్రకాశరావు.

చంద్రశేఖరరావు పుస్తకం తెరిచాడు. పది వరుసల్లోనూ ఖాళీగా ఉన్న సంతకం గడిలో "పేరు తెలియదు" అని రాశాడు. పదకొండో వరుస ఎర్ర సిరా కింద ఉంది. దాన్ని అడుగున మళ్ళీ కొత్తగా రాసి కలం ఆయన చేతికిచ్చాడు. ప్రకాశరావు కాగితానికి ముక్కు ఆనించి, సంతకం గడిలో పేరు రాశాడు. ఇంక ఒక గడి మిగిలింది, ఎవరి దగ్గర ఉంది అన్నది. చంద్రశేఖరరావు అక్కడ కలం పెట్టాడు. పధ్నాలుగేళ్ళూ ఆ కలం మొనమీదికి వచ్చి కూర్చున్నాయి. మంచం అంచున మగ్దలీనమ్మ ఇంకా ప్లేటు వైపే చూస్తోంది. "మగ్దలీనమ్మ, దొనకొండ" అని రాసేశాడు.

"గ్రామఫోను గూడా ఉంచుకోండమ్మా" అన్నాడు. "దాన్ని మళ్ళీ మోసుకుపోయే ఓపిక నాకు లేదు."

"బాగుంది" అంది అంకాలమ్మ. "అందరికీ అన్నీ అందినాయి. మరి నా మూత?"

మగ్దలీనమ్మ కళ్ళు తుడుచుకుని లేచింది. లోపలికి వెళ్ళి, ప్రకాశరావు ఆ పొద్దున్నే కడిగి బోర్లించిన పింగాణీ ప్లేట్లలో అన్నిటికంటే పెద్దది తెచ్చి ఆమె చేతిలో పెట్టింది.

"ఇది పెట్టుకో అక్కా. ప్లేటుకు ప్లేటు."

అంకాలమ్మ దాన్ని ఎడమచేతి వేళ్ళ మీద నిలబెట్టి, అలవాటు చొప్పున కణుపుతో టక్కున కొట్టి చూసింది. జీర లేదు. కొంగులో చుట్టుకుంది. మగ్దలీనమ్మ మొగుణ్ణి అడిగి, కీ ఎటు తిప్పాలో తెలుసుకుని, తనే తిప్పి, ప్లేటు మళ్ళీ మొదటి నుంచి పెట్టింది.